మనిషికొక నంబరు

శనివారం అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒమన్‌లోని మబేలాలో మా రూమ్‌లో ఆరుగురం. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి ఒక్కడూ కాళ్లు కడగడు, పొయ్యి మీద ఎసరు పెట్టడు. అందరూ ఒకే ఫోన్ చుట్టూ మూగి, పక్క దేశంలో గాజు డబ్బాలో ఎగిరే బంతుల కోసం నోళ్లు తెరుచుకుని కూర్చుంటారు. ఆ లాటరీ వాళ్లను తిట్టాలా, మా వాళ్లను తిట్టాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆట సంగతి చెబుతాను. ఒకటి నుంచి నలభై తొమ్మిది దాకా నంబర్లు. వాటిలో ఆరు ఎంచుకోవాలి. వరసతో పనిలేదు, ఆరూ కలిస్తే మొదటి బహుమతి. నాలుగో ఐదో కలిస్తే ఏదో చిన్న మొత్తం. ఒకటే కలిస్తే ఏమీ లేదు. ఎవరికీ ఆరు తగలకపోతే ఆ డబ్బు పై వారానికి చేరుతుంది, వాళ్ల ప్రకటనలో సున్నాలు పెరుగుతాయి. ఆ సున్నాలు చూసి చుట్టుపక్కల దేశాలన్నిటి నుంచీ జనం ఇంకా ఎగబడతారు. ఇద్దరికి తగిలితే చెరిసగం. బహుమతి ఎవరి జేబులోంచి వస్తుంది? ఓడిపోయిన మా జేబుల్లోంచే. దాపరికం కూడా ఏమీ లేదు, అంతా వాళ్లే రాసి పెడతారు. సిగ్గులేని ఆట.

ఒమన్‌లో ఈ టికెట్ అమ్మరు. నా బావమరిది ఆ పక్క దేశంలో డ్రైవర్. నేను నంబర్లు మెసేజ్ చేస్తే వాడు కొని ఫోటో పంపుతాడు. అంటే ఈ దరిద్రానికి తలుపు తీసింది నేనే. మా రూమ్ పద్ధతి ఏమిటంటే, మనిషికొక నంబరు. ఆరుగురం, ఆరు నంబర్లు, మూడేళ్లుగా అవే. అందరూ పిల్లలు పుట్టిన తేదీలే ఇచ్చారు. ముప్పై ఒకటి దాటిన నంబరు ఒక్కటీ లేదు. లోకంలో చాలామంది అలాగే పుట్టినరోజులు పట్టుకుని ఆడతారు గనక, ఒకవేళ తగిలినా పంచుకునేవాళ్లు బారులు తీరతారు. చెబితే వింటారా? "బిడ్డ పుట్టిన తారీఖు మార్చుమంటవారా?" అని నా మీదే పడ్డారు.

పదిహేడు కాకది. కాక నాకు సొంత చిన్నాన్న కాదు. మా మండలం మనిషి, టైల్స్ మేస్త్రీ, నేను కొత్తగా వచ్చినప్పుడు చెయ్యి పట్టి పని నేర్పినవాడు. షుగర్ ఉంది. ఎడమ కాలి వేలికి టైల్ ముక్క కోసుకుని రెండు నెలలైనా పుండు మానలేదు. క్లినిక్‌లో డాక్టరమ్మ సూటిగా చెప్పింది, పని ఆపి ఇంటికి వెళ్లి వైద్యం చేయించుకోకపోతే ముందు వేలు పోతుంది, తర్వాత పాదం పోతుంది అని. కంపెనీ ఈసారి ఎందుకో మంచిగా ఒప్పుకుంది. వీసా క్యాన్సిల్ చేసి విమానం టికెట్ ఇస్తామంది. మంగళవారం ప్రయాణం.

అడ్డుపడింది నంబరు. రూమ్‌లో ఒక ప్లంబర్ ఉన్నాడు, తనకు తానే పెద్దమనిషి. "రూమ్ ఇడిసినోడు ఆటల నుంచి గూడ పోయినట్టే. కాక మంచం మీదికి వచ్చేటోడు కొత్త నంబర్ ఇస్తడు" అన్నాడు.

"కాక వంతు నేను కడ్త. నంబర్ ఆయనదే, వాటా ఆయనదే. నీకేం పోతది?" అన్నాను.

"గట్ల కుదరదు. తాకినంక ఇంటికాడ ఉన్నోనికి పంపుడు, లొల్లి, ఎవడు పడ్తడు?"

రాని డబ్బుకు వీడు అప్పుడే లొల్లి కూడా చూసేశాడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. కాక మధ్యలో వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నేనే పోనురా. నేను పోయిన వారమే పదిహేడుతోని మిగిలిన అయిదు గూడ తాకినయనుకో. గప్పుడు ఈ కాలుండి నేనేం జేసుకోవాలె?"

మరుసటి రోజు సైట్‌లో పక్కన కూర్చోబెట్టుకుని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "కాకా, నలభై తొమ్మిదిల ఆరు తీస్తే దగ్గర దగ్గర కోటీ నలభై లక్షల రకాలు అయితయ్. నీ ముందర అన్ని టైల్స్ పరిచి ఉన్నయనుకో. ఒక్కదాని కిందనే పైసలున్నయ్. నువ్వు లేపి సూసేది ఒక్క టైలే. వారం వారం ఆ పైసలు ఇంకో దాని కిందికి మారుతయ్. నువ్వు మూడేండ్ల సంది ఆడుతున్నవని ఆ బంతులకు ఎర్కనా?"

కాక పక్కనున్న టైల్ ఒకటి లేపి కింద చూశాడు. "అంటే ఒక్కదాని కిందనైతే ఉన్నయ్ గదరా?" అన్నాడు.

ఏం చెయ్యాలి ఈ మనిషిని? చివరికి ఆయన కూతురితో ఫోన్ చేయించాను. ఆ పిల్ల ఏడ్చి మొత్తుకుంటే మెత్తబడ్డాడు. "సరే, ఈ శనివారం డ్రా సూసి పోత" అన్నాడు. నేను సరేనన్నాను. అక్కడే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఆ శనివారం పడిన మొదటి బంతే పదిహేడు. కాక ఆ కుళ్లిన కాలి మీదే లేచి ఎగిరాడు. "అచ్చింది! నాదచ్చింది!" రూమంతా కేకలు. తర్వాతి అయిదింటిలో మాది ఒక్కటీ లేదు. పైసా రాలేదు. అయినా కాక ముఖంలో వెలుగు తగ్గలేదు. "నాది కదులుతుందిరా. ఇగ మీయే రావాలె" అని మా అయిదుగురినీ తప్పుపట్టినట్టు చూశాడు. "కాక నంబర్ లైన్ల వడ్డది, ఇప్పుడు పోతవా ఏంది?" అని ప్లంబర్ ఎగదోశాడు. కాక వీసా క్యాన్సిల్ కాగితాల మీద సంతకం పెట్టలేదు, మంగళవారం విమానం ఆయన లేకుండానే వెళ్లింది.

మూడు వారాలకు కాక జ్వరంతో సైట్‌లో పడిపోయాడు. ఆసుపత్రిలో సగం పాదం తీసేశారు. నేను వెళ్లేసరికి శనివారం మధ్యాహ్నం. దుప్పటి కింద ఒక కాలు పొట్టిగా కనిపించింది. ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువగా కోపమొచ్చింది. కాక నా వైపు తిరిగి, ఎండిన పెదాలు తడుపుకుని, "ఈ వారంది పంపినవా?" అని అడిగాడు.

"సిగ్గున్నదా కాకా నీకు?" అని అరిచాను. నర్సు నన్ను బయటికి పొమ్మంది.

వరండాలో నిలబడి బావమరిదికి మెసేజ్ రాశాను, ఇక కొనొద్దు, ఈ వారం నుంచి బంద్ అని. పంపబోతూ ఆగిపోయాను. మానేసిన వారమే ఆ ఆరూ వస్తే? కాలు పోగొట్టుకున్న మనిషికి నేనేం జవాబు చెప్పాలి? కోటీ నలభై లక్షల లెక్క నాకు తెలుసు. ఆయనకు చెప్పినవాణ్ణి నేనే. రాసింది తుడిచేసి ఆరు నంబర్లూ కొట్టి పంపాను, పదిహేడు ముందు పెట్టి.