ఆ నీళ్లు నా చేతివి కావు

మా ఆయనకు మొదటిసారి ముద్ద దిగకపోయింది మా తల్లిగారింట్లో. అది నా ఖర్మ. మా అన్న కొడుకు పుట్టువెంట్రుకల దావత్‌కు సిరిసిల్ల నుంచి కోరుట్ల వెళ్లాం. బంతిలో కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఛాతీ మధ్యలో పిడికిలితో రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నీళ్లు తాగితే ఆ నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. లేచి నిలబడి, మెడ పైకి చాపి, రెండు చేతులూ ఎత్తి కాసేపు అలాగే ఉన్నాడు. అప్పుడు దిగింది.

"ఏమైందయ్యా?" అని అడిగాను.

"ఏం లేదే, ముద్ద అడ్డం పడ్డది" అన్నాడు.

దావత్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ఒక్క మా వదినె తప్ప. వదినె అంటే మా ఆయన అక్క. గంభీరావుపేటలో ఉంటుంది. తమ్ముడి విస్తరి వైపు చూసింది, వడ్డిస్తున్న మా అమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపుకు అర్థం నాకు కొన్ని నెలల తర్వాత గానీ తెలియలేదు.

మా ఆయన పేరు రవీందర్. సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమ్‌లను మా సిరిసిల్లలో సాంచాలు అంటాం. నూలు దుమ్ము గొంతుకు పట్టిందని షెడ్డులో అందరూ తేల్చేశారు. పని దిగాక బెల్లం ముక్క తింటే దుమ్ము జారిపోతుందని వాళ్ల నమ్మకం. ఈయనా రోజూ తిన్నాడు. కొన్నాళ్లకు ఆ బెల్లమే ఛాతీలో ఆగడం మొదలైంది. అన్నం పోయి జావ వచ్చింది. జావ కూడా ఒకరోజు దిగితే ఒకరోజు దిగేది కాదు. పొద్దున లేచేసరికి దిండు మీద రాత్రి తాగినదే తడిగా ఉండేది. చొక్కాలు వదులై భుజాల మీంచి జారిపోయేవి.

జగిత్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎండోస్కోపీ చేశారు. "అంతా నార్మల్. గ్యాస్, టెన్షన్. అంతే" అన్నాడు డాక్టరు.

"టెన్షన్ నాకు గూడ ఉన్నది సార్. నాకు దిగుతున్నది గద" అన్నాను. ఆయన నవ్వి గోళీలు రాశాడు. ఆ గోళీలు కూడా ఛాతీలోనే ఆగేవి. ఆ డాక్టరు పూర్తిగా చూశాడని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

అప్పుడు వదినె వచ్చి కూర్చుంది. "డాక్టర్లకు దొర్కే రోగం కాదిది. దావత్ నాడే నాకు డౌట్ అచ్చింది" అంది. ఆ మాట తమ్ముడితో అంది, చూపు మాత్రం నా మీదే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అన్నంలో ఏదో కలిపి పెట్టి మనిషిని గుప్పిట్లో పెట్టుకుంటారని మా వైపు ఒక నమ్మకం. దాన్ని పెట్టుడు మందు అంటారు. మొగుడికి తిండి సహించక చిక్కిపోతే ముందు చూసేది పెళ్లాం చేతి వైపే. ఆ మందును కక్కించేవాళ్లు కూడా ఉంటారు. అలాంటి ఒకాయన కొడిమ్యాల దగ్గర ఒక ఊళ్లో ఉన్నాడని వదినె మమ్మల్ని తీసుకెళ్లింది. వద్దంటే నేనే పెట్టానని అనుకుంటారు. అందుకని నోరు మూసుకుని వెంట వెళ్లాను.

ఆయన ఏదో ఆకు పసరు తాగించాడు. మా ఆయన కళ్లు తేలేసి, దగ్గి దగ్గి, పళ్లెంలో కక్కాడు. ఆ ముసలాయన పుల్లతో కెలికి, నల్లటి ముద్దను పక్కకు తీశాడు.

"గిదే మందు. ఇంట్లదే, ఆడిమనిషి చేతిది" అన్నాడు.

వదినె నెత్తి కొట్టుకుంది. మా ఆయన తల ఎత్తలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. వంగి ఆ ముద్దను చూశాను. అవి బబ్బెర్లు, అదే అలసందలు. మొన్న సాయంత్రం నేను ఉడకబెట్టి తాలింపు వేసిన గుడాలు. వాసనకు ఆశపడి ఈయన నాలుగు నోట్లో వేసుకున్నాడు. పొట్టు కూడా ఊడలేదు. నిన్నంతా ఈయన జావ తప్ప ఏమీ ముట్టలేదు. కడుపులోకి పోయినవైతే అరగాలి కదా? మరి ఇన్ని గంటలు ఇవి ఎక్కడున్నట్టు?

ఆ మాట అక్కడే అడిగాను. "మందు పట్టి పెట్టింది" అన్నాడు ఆయన. ఏది అడిగినా ఆయన దగ్గర అదే జవాబు. ఆ జవాబు నాకు నచ్చలేదు గానీ బబ్బెర్లు మాత్రం మనసులోంచి పోలేదు.

ఇంటికొచ్చాక పళ్లెం ముందు కూర్చుని మా ఆయన మెల్లగా అన్నాడు: "ముందుగాల నువ్వో ముద్ద తిను."

నా మొగుడు నా చేతి అన్నాన్ని నా నోట్లో పెట్టించి పరీక్ష చేశాడు. తిన్నాను. ఆ ముద్ద నాకు కూడా అడ్డం పడింది. ఆ రోజు నుంచి ప్రతి పూటా అదే వరస. ముందు నేను తినాలి, నాకేమీ కాలేదని చూసి ఆయన జావ ముట్టుకోవాలి. తర్వాత అది కూడా చాలక అక్క ఇంట్లో తింటానని గంభీరావుపేట పోయాడు. వచ్చేసరికి ఇంకా చిక్కాడు.

"ఆడ దిగిందా?" అని అడిగాను.

"దిగింది" అన్నాడు గోడ వైపు చూస్తూ.

నేను నమ్మలేదు. ఆయన అబద్ధం చెప్పినా చొక్కా చెప్పదు కదా. ఇక ఆగలేక అనేశాను: "మీ అక్క చెప్పినోని కాడికి వొయినవ్. ఇగ నేను చెప్పినోళ్ల కాడికి రా. నా మీద పడ్డ మాట నువ్వే తీసెయ్యాలె. లేకుంటే నేను కోరుట్ల వోయి మళ్ల రాను."

హైదరాబాద్‌లో కడుపు జబ్బులకే ఉన్న ఆసుపత్రికి బయలుదేరాం. వదినె కూడా సంచి సర్దుకుంది. "నీతోని ఒక్కన్నే పంప" అని నా ముఖం మీదే అంది.

అక్కడి డాక్టరుకు మొదట బబ్బెర్ల సంగతే చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు కక్కాడు, మధ్యలో ఏం తిన్నాడు అని ఒక్కొక్కటీ అడిగాడు. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీయించాడు. దాన్ని బేరియం స్వాలో అన్నారు. అన్నం దిగే గొట్టం పైన సంచిలా ఉబ్బి, కింద పిట్ట ముక్కులా సన్నబడి ఉంది. "దీన్ని కన్ఫర్మ్ చేయాలంటే మానోమెట్రీ చేయాలి. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోవాలి" అన్నాడు.

కొంచెం అని డాక్టరు అంటే ఎంతో నాకు తెలుసు. నర్సును పక్కకు పిలిచి అడిగాను. ముక్కులోంచి సన్నటి ట్యూబ్ కడుపు దాకా వేస్తారట. మత్తు ఇవ్వరట. జగిత్యాలలో ఎండోస్కోపీకి గొంతులో మందు కొట్టి, మత్తు సూది కూడా ఇచ్చారు. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఎందుకివ్వరని నాకు మళ్లీ అనుమానం. ఈయనకైతే చెమటలే పట్టాయి.

పొద్దున పరగడుపున తీసుకెళ్లాం. లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. అక్క ఉండగా పెళ్లాం ఎందుకని వదినె పోయింది. కాసేపటికే లోపలి నుంచి కేకలు. వాటిలో సగం వదినెవే. ట్యూబ్ గొంతు దగ్గరికి రాగానే ఈయన ఓకరించి, చేత్తో పట్టి గుంజేసుకున్నాడు. ముక్కులోంచి కొంచెం రక్తం వచ్చింది. "నా తమ్ముని సంపుతున్నరు" అని వదినె బయటికొచ్చి కూలబడింది.

టెస్టు చేసే అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. "ఇంకొక్కసారి ట్రై చేద్దాం. ఏడ్వకుండ ఉండేటోళ్లు ఎవరన్న ఉంటే రండి."

నేను లేచాను.

ఈయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా. "మత్తు ఎందుకియ్యరమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాడు.

"మత్తిస్తే నువ్వు ఎట్ల మింగుతున్నవో మాకెట్ల తెలుస్తదన్నా? నువ్వు మేలుకొని మింగాలె, కండరం ఎట్ల పనిచేస్తున్నదో గీ స్క్రీన్ మీద కనవడ్తది. ముక్కులకు జెల్లీ పెడ్తం, గంతే."

"మింగేది ఏంది?"

"నీళ్లు." మూత తీయని బాటిల్ చూపించింది ఆమె.

ఈయన ఆ బాటిల్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నువ్వు అది ముట్టకు" అన్నాడు.

ఒక పరాయి పిల్ల ముందు అన్నాడు ఆ మాట. చచ్చిపోవాలనిపించింది. బయటికి నడుద్దామనుకున్నాను కూడా. పోతే ఈ టెస్టు జరగదు, నా మీది మాట ఎప్పటికీ పోదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాను. "నువ్వే తియ్యి చెల్లె, ఆయన కండ్ల ముందట" అన్నాను. ఆమె మూత తిప్పింది. టక్కుమని సీలు తెగిన చప్పుడు ముగ్గురం విన్నాం.

ట్యూబ్ మళ్లీ మొదలైంది. ముక్కు దాటి గొంతు దగ్గరికి రాగానే ఈయన చెయ్యి పైకి లేచింది.

"ఇగో, ఇటు సూడు" అన్నాను. "సాంచ మీద పోగు తెగితే ఏం జేస్తవ్? కన్నంలకెళ్లి ఎక్కిచ్చేటప్పుడు గుంజుతవా? గుంజితే మళ్ల తెగుతది గద. గిప్పుడు నువ్వే కన్నం అనుకో. కదలకు. దాన్ని పోనియ్యి. ముక్కుతోని ఊపిరి ఇడువు."

చెయ్యి దించాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, కానీ కదల్లేదు. "మింగు, మింగు, గడ్డం కిందికి పెట్టు" అంటూ ఆ అమ్మాయి స్ట్రాతో నీళ్లు తాగిస్తూ ట్యూబ్‌ను లోపలికి జార్చింది. ముక్కుకు టేపు వేసి పడుకోబెట్టింది. అసలు కష్టం గొంతు దాటేదాకానే. ఆ తర్వాత ముక్కులో మంట, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఉందన్నాడు గానీ ఓర్చుకున్నాడు.

ఆ తర్వాత సిరంజితో నోట్లో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి, చెప్పినప్పుడు ఒక్కసారే మింగమంది. మధ్యలో ఉమ్మి కూడా మింగకూడదట. మొదటిసారి మింగాడు. స్క్రీన్ మీద రంగులు కదిలాయి. నాకేమీ అర్థం కాలేదు. ఈయన మాత్రం ఛాతీ మీద వేలు పెట్టాడు.

"గీడనే... గీడనే ఆగింది."

రెండోసారి పోసింది. మళ్లీ అక్కడే వేలు పెట్టాడు. మూడోసారి వేలు పెట్టలేదు, నా వైపు తిరిగి చూశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను. ఆ నీళ్లు సీలు బాటిల్‌వి, పోసింది ఎవరో పిల్ల. అవి కూడా దిగడం లేదు. ఆ తర్వాత పోసిన ప్రతిసారీ ఈయన నా ముఖమే చూస్తూ మింగాడు. నేనూ చూపు తిప్పుకోలేదు. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడ్వనివాళ్లనే రమ్మంటే లోపలికి వచ్చాను కాబట్టి శబ్దం రానివ్వలేదు.

సాయంత్రం డాక్టరు రిపోర్టు చూసి చెప్పాడు. "అకలేషియా. మింగిన తిండిని కిందికి తోసే పని గొట్టం చేయడం లేదు. కింద మూత లాంటి కండరం ఉంటుంది, అది తెరుచుకోవడం లేదు. అందుకే రెండు రోజుల కిందటివి కూడా గొట్టంలోనే నిలువ ఉన్నాయి. ఆకు పసరు తాగించి కక్కించడం మళ్లీ చేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది."

వదినె ఊరుకోలేదు. "సార్, ఇది ఎందుకస్తది?"

"నరాలు దెబ్బతిని వస్తుందమ్మా. ఎందుకు దెబ్బతింటాయో మాకూ పూర్తిగా తెలియదు. ఎవరో ఏదో పెడితే మాత్రం రాదు."

"తెల్వదంటనే ఉన్నరు గద!" అని వదినె నా వైపు తిరిగింది.

అప్పుడు నోరు విప్పాడు మా ఆయన. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అక్కా, లోపట నాకు వోసిన నీళ్లు నా కండ్ల ముందట మూత తీసిండ్రు. సునీత చేతులు ఎన్కకు వెట్టుకొని గోడకు నిలవడ్డది. గా నీళ్లు గూడ దిగలె." ముక్కు తుడుచుకున్నాడు. "మీ ఇంట్ల తిన్నది గూడ దిగలె అక్కా. నువ్వు బాధపడ్తవని చెప్పలె."

వదినె లేచింది. కొంగు సర్దుకుని బయటి బెంచీ మీద కూర్చుంది.

మొదట బెలూన్‌తో ఆ కండరాన్ని సాగదీశారు. కొన్ని నెలలు అన్నం తిన్నాడు. మళ్లీ ఆగడం మొదలైంది. మా వాడలో వెంటనే గుసగుసలు కూడా మొదలయ్యాయి. ఈసారి మానోమెట్రీ మళ్లీ చేయాలంటే ఈయన ఎవరూ చెప్పకుండానే గడ్డం కిందికి పెట్టి, కళ్లు మూసుకుని ట్యూబ్‌ను పోనిచ్చాడు. తర్వాత పోయెమ్ అని, నోట్లోంచే కెమెరా పంపి ఆ కండరాన్ని కోశారు. ఇప్పుడు అన్నం దిగుతోంది. మెత్తగా, మెల్లగా తినాలి, మధ్యమధ్య నీళ్లు తాగాలి, తిన్నాక వెంటనే పడుకోకూడదు. చెకప్‌కు పోతూనే ఉండాలన్నారు. సాంచాల పనికి పోతున్నాడు. బెల్లం ముక్క మానలేదు.

వదినె ఇప్పుడు నన్నేమీ అనదు. అలా అని కొడిమ్యాల ఆయనది తప్పని కూడా అనదు. ఆమె తెచ్చిన మిఠాయిని నేనూ వెంటనే నోట్లో పెట్టుకోను. మా మధ్య ఉన్నది అంతే.

ఇలాంటి టెస్టుకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ అనుమానాన్ని వాకిట్లో పదిమందితో కాదు, ఆ టెస్టు గదిలోనే అడగండి. మత్తు ఎందుకివ్వరు, ఆ నీళ్లేమిటి, ట్యూబ్ ఎక్కడిదాకా పోతుంది అని సిగ్గుపడకుండా అడగండి, చూపించమనండి. జవాబు దొరికిందంటే ట్యూబ్ పోవడం అంత కష్టం కాదు.

పోయెమ్ అయ్యాక డాక్టరు అన్నం తినొచ్చన్న రోజు పళ్లెం పెట్టి, అలవాటుగా నేనే ముందు ముద్ద కలిపి నా నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముద్దను అలాగే తన నోటికి తిప్పుకుని తిన్నాడు. దిగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దిగింది.