పరిశోధన నిమిత్తం మాత్రమే

షుగర్ వల్ల కళ్లు ఎలా పాడవుతాయో మల్దకల్‌లో అందరికంటే ముందు నాకే తెలుసని నా గర్వం. పదో తరగతి తప్పాక నా చదువంతా గద్వాల గ్రంథాలయంలోనే సాగింది. కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుందని, షుగర్ ముదిరితే అక్కడి సన్నటి రక్తనాళాలు చిట్లుతాయని, నొప్పి ఉండదు కాబట్టి మనకు తెలియదని అక్కడే చదివాను.

అందుకే కిందటేడు పరిశోధన బృందం కంటి లోపలి ఫొటోలు తీసే కెమెరాతో ఊరికొస్తే అక్కను నేనే లాక్కుపోయాను. అక్కకు పదేళ్లుగా షుగర్. సీడు పత్తి చేన్లో క్రాసింగ్‌కు పోతుంది. పొద్దున్నే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అద్దే పని అది. చూపు లేకపోతే ఆ పని లేదు.

ఒప్పంద కాగితం అందరికీ చదివి వినిపించమని నాకిచ్చారు. గుక్క తిప్పుకోకుండా చదివాను.

"వార్తలు సదివినట్టే సదువుతుండు మా తమ్ముడు," అని అక్క పక్కవాళ్లకు చెప్పుకుంది. వేలిముద్రలు పడ్డాయి. ఫొటోలు తీసిన అమ్మాయి, "ఏమన్నా తేడా ఉంటే ఫోన్ చేస్తం, పెద్దమ్మా," అంది.

ఫోన్ రాలేదు. ఆరు నెలలకు కంటి ముందు నల్ల పోగులు ఆడుతున్నాయంది అక్క. దవాఖానకు పోదామంటే, "ఫోన్ రాలే గదరా. కండ్లు మంచిగున్నట్టే," అంది. నాకూ నిజమే అనిపించింది.

ఒక పొద్దున చేన్లోనే ఎడమ కన్ను మూసుకుపోయినట్టయింది. వనపర్తిలో కళ్ల డాక్టరు లోపల రక్తం కారిందన్నాడు. ఏడాది ముందు వచ్చుంటే లేజర్‌తో ఆపేవాళ్లమన్నాడు.

బయటికొచ్చి ఆ బృందానికి ఫోన్ చేశాను.

"ఆ ఫొటోలు చికిత్స కోసం కాదండి. కాగితంలో రాశాం. మీవాళ్లు వేలిముద్రలు వేశారు."

"మీ అమ్మాయి ఫోన్ చేస్తమన్నది గద?"

"ఆమె ఇప్పుడిక్కడ పనిచేయట్లేదండి."

ఇంటికొచ్చి నా దగ్గరున్న ఆ ఒప్పంద కాగితం ప్రతి తీశాను. మూడో పేరాలో ఉంది: 'ఈ ఛాయాచిత్రములు పరిశోధన నిమిత్తం మాత్రమే. ఫలితములు వ్యక్తిగతముగా తెలియజేయబడవు.' ఆ ముక్క దగ్గర కూడా తడబడకుండా చదివినట్టు నాకు బాగా గుర్తు. దాని అర్థం మాత్రం ఆగి ఎవరికీ చెప్పలేదు. నాకు నేనూ చెప్పుకోలేదు.

మోసం చేశారని అక్కతో అన్నాను. ఆ వాక్యాలు చదివి వినిపించాను.

"వాండ్లు రాసిన్రు, నువ్వు సదివినవ్. నాకే తెల్వకపాయె," అంది.

కుడి కన్నైనా కాపాడేందుకు లేజర్ చేసే రోజున సంతకం కాగితం వచ్చింది. అలవాటుగా చెయ్యి చాపాను. అక్క దాన్ని నా ముందు నుంచే నర్సుకు అందించింది.

"జర నువ్వు సదివి అర్థం చెప్పమ్మా."