అట్టపెట్టెలకు సరిపోయిన దారి

ఈ రోజు మధ్యాహ్నం నందిగామలో మా మిర్చి గోడౌన్‌కి ఫోర్క్‌లిఫ్ట్ అమ్మే అతనొకడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. బండి సన్నగా ఉంది, మాట మరీ నున్నగా ఉంది.

"ర్యాక్‌ల మధ్య పన్నెండడుగుల దారి దండగండి. మా బండికి ఆరడుగులు చాలు. మిగిలిన చోట ఇంకో రెండు వరసలు వేసుకోవచ్చు" అన్నాడు. నేల మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. వెంట తెచ్చుకున్న అట్టపెట్టెలు ఎత్తి, ఆ గీతల మధ్యే బండిని అటూ ఇటూ నడిపి చూపించాడు. మా ఓనరు ముఖం వెలిగిపోయింది. నాకే తేడా కొట్టింది. గోడౌన్ నిండా బస్తాలుంటే హైదరాబాద్ నుంచి పెట్టెలు మోసుకురావడం దేనికి?

మా డ్రైవర్ మస్తాన్‌కీ అదే అనుమానం. "మన బస్తాలు ఎక్కించి చూపించండి సార్" అన్నాడు.

"ఛార్జింగ్ అయిపోవచ్చిందండి, ఇంకోసారి చూపిస్తా."

మీటర్‌లో సగానికి పైనే ఉంది. నేను చూశాను.

అతను వెళ్ళాక గీతల వెంట రెండు పక్కలా బస్తాలు పేర్చాం. మన వైపు మిర్చిని కాళ్ళతో తొక్కి నింపుతారు కదా, ప్రతి బస్తా పొట్టా జానెడు దారిలోకి పొడుచుకొచ్చింది. చేతి ట్రాలీ మీద ఇంకో నాలుగు బస్తాలు అడ్డంగా పెట్టి మధ్యలోకి తోస్తే సగంలోనే ఇరుక్కుపోయాయి.

ఫొటో తీసి ఓనరుకి పంపాను. ఇప్పుడే జవాబొచ్చింది: "రైతుల్ని కాస్త తక్కువ తొక్కమని చెప్పు."

ఆ బండి అతను మా ఓనరుకి ఏం మందు పెట్టి వెళ్ళాడో! మీలో మిర్చి రైతులుంటే చెప్పండి, ఈ మాట మీకు చెప్పడానికి నేను ఎంత దూరంలో నిలబడాలి?