స్తంభం వెనక కుర్చీ

యుద్ధకాలంలో పనిమీద సిద్దిపేట వెళ్లి, సాయంత్రం టౌన్‌హాల్లో నాటకం చూశాను. చూశాననడం కొంచెం అతిశయోక్తి. ఆ హాలు కట్టినవారికి ప్రేక్షకుల కంటే స్తంభాల మీద మక్కువ ఎక్కువ. నా ముందున్న గచ్చు స్తంభం మా ఊరి మునసబుగారంత లావుంది. పక్క కుర్చీలో ఒక బట్టల దుకాణం పెద్దాయన కూర్చున్నాడు.

"ముందు వరసలో ఖాళీ ఉంది, రండి పోదాం" అన్నాను.

"మీరు పోండ్రి సారు. నాకు గీడనే మంచిగుంటది."

"ఇక్కణ్ణుంచి రాముడి కిరీటం కూడా కనపడదండీ!"

"కనవడద్దనే కూసున్న. నిరుడు దాంక రాముని యేషం మా పిలగాడే కట్టేటోడు. కలరాల పోయిండు. గిప్పటి పిలగానికి పద్యాలు నేనే నేర్పిన, మావోడు పాడినట్లె. చూస్తే ఎవలో పరాయి పిలగాడు. కండ్లవడకుంటె మావోడే."

నేను కదల్లేదు. రాముడు పద్యం ఎత్తుకున్నాడు. పెద్దాయన పెదవులు కదుపుతూ విన్నాడు. పద్యం అయిపోగానే "వన్స్ మోర్" అన్నాడు. ఆ గొంతు స్తంభం దాకా కూడా వెళ్లలేదు.

నాటకాల్లో అలా అరవడం అనాగరికమని కాలేజీలో ఉపన్యాసమిచ్చినవాణ్ణి. లేచి నిలబడి, హాలు దద్దరిల్లేలా "వన్స్ మోర్!" అని అరిచాను.

స్తంభం అవతల ఆయన కొడుకు మళ్లీ పద్యం ఎత్తుకున్నాడు.