గోడ అవతల వెన్న

ఏళ్ల తరబడి నేనొక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఆ రోజు చెప్పి ఉంటే ఒక్క ఊపిరిలో అయిపోయేది. చెప్పలేదు. తర్వాత చెప్పాలంటే, అప్పుడెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అది చెప్పలేక మొదటిదీ మింగేశాను. మా ఆయనకి తెలియదు. పిల్లలకి తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది ఏలూరు. మామయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయిన నెలకి ఆయన పాత శిష్యుడొకడు వచ్చాడు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తున్నాడు. మాస్టారికి తోడుగా ఉంటుందని ఒక రాజపాళయం కుక్కపిల్లని తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఒళ్లంతా తెలుపు, గులాబీ రంగు ముక్కు. మామయ్యగారే వెన్న అని పేరు పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ వెన్న నా నడుం ఎత్తు ఎదిగింది. పేరొక్కటే మెత్తన.

వేట జాతి. తనకి తోచిందే చేస్తుంది. పిలిస్తే ఒక చెవి ఆడించి అటు తిరిగి పడుకుంటుంది. పిల్లి కనబడితే గోడ దూకేస్తుంది. మా ఇంట్లోకి కోడిగుడ్డు రాదు కాబట్టి దానికీ పెరుగన్నమే పెట్టాం. వేటకుక్కకి పెరుగన్నం ఏమిటండీ మాస్టారూ అని పశువుల డాక్టరు నవ్వాడు. అప్పటినుంచి మామయ్యగారు డాబా మీద విడిగా ఒక స్టవ్వు పెట్టుకుని గుడ్లు ఉడకబెట్టేవారు. పెంకులు కాగితంలో చుట్టి, చేతిసంచిలో దాచి, కాలవ దాకా వెళ్లి పారేసి వచ్చేవారు. జీవితమంతా పిల్లల్ని అబద్ధం ఆడొద్దని కొట్టిన మనిషి!

ఆయనకి మోకాళ్ల నొప్పులు. మా ఆయన ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. పొద్దున్న రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే. మిగిలింది నేను. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, దాన్ని కాలవగట్టు మీద తిప్పడం, ఒంటి మీద పిడుదులు ఏరడం, అది పాడుచేసిన చోటల్లా కడగడం, అన్నీ నా మీద పడ్డాయి. నువ్వు చెయ్యమ్మా అని ఎవరూ అనలేదు. అలవాటైపోయిందంతే. తలప్రాణం తోకకి వచ్చేది.

ఒకసారి గట్టు మీద అది దేన్నో చూసి లాగింది. నా క్లాసు పిల్లల ఎదుటే బోర్లా పడ్డాను. చీర చిరిగింది, మోచెయ్యి దోక్కుపోయింది. ఇంటికొస్తే మామయ్యగారు గేటు దాకా పరుగులాంటి నడకతో వచ్చారు. "అయ్యో, దెబ్బ తగిలిందా?" అంటూ కిందకి వంగి వెన్న కాళ్లు తడిమి చూశారు.

ఆయన చెడ్డవారు కారు. చూసుకోలేదు, అంతే. అయినా నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ కుక్కని రోజూ "తిన్నావా?" అని అడిగేవారు. నన్నెప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లూ నా తప్పుకి కారణం అలుపు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, బండ చాకిరీ చేసిన ఏ ఆడదైనా అంతేనని సర్ది చెప్పుకున్నాను. అలుపు కాదు. అసూయ. కుక్క మీద అసూయ. రాయడానికే సిగ్గుగా ఉంది.

అత్తయ్యగారి రెండో తద్దినం వచ్చింది. మా ఇంట్లో ఒక ఆచారం. కాకులకి పెట్టిన పిండం కాకి ముట్టేదాకా ఇంట్లోవాళ్లెవరూ విస్తరి ముందు కూర్చోరు. ముట్టలేదంటే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందని. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. సరైన మాట ఇస్తే కాకి వస్తుందంటారు.

వెన్నని వీధిగదిలో కట్టెయ్యడం నా పని. కడితే మొరుగుతుంది. అక్కడ భోక్తలు కూర్చుని ఉన్నారు. అందుకని పెరటి గోడ అవతల, పక్కింటికీ మాకూ మధ్య ఉన్న సందులో నీడ చూసి వదిలి తలుపు వేశాను. అప్పటికి నా మనసులో ఏ చెడ్డ ఆలోచనా లేదు. ఈ ఒక్క ముక్క నమ్మండి.

భోక్తలు భోంచేసి వెళ్లారు. మా ఆయన ఆకులో పిండం పెట్టి పెరటి గోడ మీద ఉంచి వెనక్కి వచ్చాడు. అందరూ పెరట్లో దూరంగా నిలబడ్డారు. పక్కింటి కొబ్బరిచెట్టు మీంచి కాకులు దిగుతాయి, గోడ దగ్గర దాకా వచ్చి చటుక్కున లేచిపోతాయి. ఎందుకో పెరట్లో వాళ్లకి అర్థం కాలేదు.

నాకు అర్థమైంది. నేను మడి కట్టుకుని వంటింట్లో ఉన్నాను. ఆ కిటికీ సందులోకే తెరుచుకుంటుంది. సరిగ్గా పిండం కింద, ముందుకాళ్లు చాపుకుని, తలెత్తి కాకుల్నే చూస్తూ వెన్న పడుకుని ఉంది.

చెబుదామనుకున్నాను. నిజంగానే నోటిదాకా వచ్చింది. ఈలోగా మామయ్యగారి గొంతు వినబడింది. నీ గొలుసు మనవరాలికే ఇస్తాం అన్నారు. కాకి రాలేదు. నువ్వడిగిన తులసికోట కట్టిస్తాను అన్నారు. రాలేదు. ఎండ ఎక్కుతోంది. పెంటపాడు నుంచి వచ్చిన ఆయన అక్కగారు అంది కదా, "మీ ఆవిడ మడి మనిషిరా తమ్ముడూ. ఆవిడ ఇంట్లో కుక్కని తిప్పుతుంటే ఎలా ముడుతుంది?"

అప్పుడు నోరు మూసుకున్నాను. కావాలనే మూసుకున్నాను.

మామయ్యగారు చిన్నగా అన్నారు. "సరే. వెన్నని పంపించేస్తాను. ఇంక వచ్చి తినవే."

నేను వంటింటి పక్క తలుపు తీసుకుని సందులోకి వెళ్లాను. మడిచీరతోనే వెన్న మెడపట్టీ పట్టుకున్నాను. ఏనాడూ నా మాట వినని జంతువు ఆ రోజు కిక్కురుమనకుండా నాతో వీధిగదిలోకి వచ్చింది. పెరట్లోంచి అందరూ ఒక్కసారి "ముట్టింది, ముట్టింది" అన్నారు. మళ్లీ స్నానం చేస్తే ఎందుకని అడుగుతారు. చెయ్యలేదు. ఆ మైల చేతులతోనే అందరికీ వడ్డించాను. మామయ్యగారు తలెత్తకుండా తిన్నారు.

ఆ శిష్యుడే వ్యాన్ తెచ్చి వెన్నని చెరువుల కాపలాకి తీసుకుపోయాడు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం మామయ్యగారు దాని గొలుసు తుడుస్తూ నన్ను పిలిచారు.

"అమ్మాయ్, మీ అత్తయ్య ఈ రెండేళ్లూ నా మీద కోపంగానే ఉందంటావా?"

"ఏమోనండీ మామయ్యగారూ."

"నువ్వేమనుకుంటున్నావు?"

"కాకి ముట్టింది కదండీ."

"అవునమ్మా. ముట్టింది." అంతే అన్నారు. గొలుసు మేకుకి తగిలించారు.

నేనన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, చూశారా? ఎంత తెలివి నాది!

ఆయన రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో అత్తయ్యగారి ఫొటో ముందు కూర్చుని కబుర్లు చెప్పేవారు. వెన్న ఏం చేసిందో, బజార్లో ఎవరు కలిశారో, అన్నీ. ఆ తద్దినం తర్వాత మానేశారు. కాఫీ వీధి అరుగు మీద తాగేవారు. నేను ఇంట్లోంచి పంపించింది కుక్కని మాత్రమేనా? ఆయనకి మిగిలిన ఇద్దరినీ పంపించేశాను. కుక్క దూరమైతే ఓర్చుకున్నారు. రెండేళ్లుగా తను చెప్పిన కబుర్లన్నీ ఆవిడ కోపంగా విన్నదనుకోవడం మాత్రం ఓర్చుకోలేకపోయారు.

ఒకసారి ఆయన్ని కైకలూరు తీసుకెళ్లాను. వెన్న చెరువుగట్టు మీద పిట్టల్ని తరుముతోంది. చేపలు తిని బాగా కండ పట్టింది. మమ్మల్ని చూసి దౌడు తీసింది. చేతులు చాపిన ఆయన్ని దాటి వచ్చి నా పొట్టకి తల ఆనించింది. ఇది మొదట్నుంచీ నీ కుక్కేనమ్మా అని ఆయన నవ్వారు. అక్కడే, ఆ గట్టు మీదే చెప్పెయ్యాల్సింది. ఎవరూ లేరు. కుక్క సుఖంగానే ఉంది కదా అని ఊరుకున్నాను. అది సుఖంగా ఉంటే ఆయన పోగొట్టుకున్నది తిరిగొస్తుందా?

ఆయన పోయారు. ఆఖరి వరకూ ఆ ఫొటో ముందు మళ్లీ కూర్చోలేదు.

ఇప్పుడు ఆయన తద్దినం పెడుతున్నాం. పిండం అదే గోడ మీద పెడతారు. కాకి రాకూడదని కోరుకుంటాను ప్రతిసారీ. రాకపోతే, అందరూ కంగారుపడితే, ఆయనకేం కోరిక మిగిలిందో అని నా వైపు చూస్తే, అప్పుడైనా పైకి చెబుతానని. ఆయన బతికుండగా రోజూ ఎదురుపడినా చెప్పనిదాన్ని, అప్పుడు మాత్రం చెబుతానా? ఏమో. ఆ అవసరం రాదు. ఆకు గోడ మీద పెట్టీ పెట్టకముందే కాకి వస్తుంది. తినేసి వెళ్లిపోతుంది. అందరూ హాయిగా భోజనాలకి లేస్తారు. నన్నెవరూ ఏమీ అడగరు.

మీరూ అడగలేదు. అయినా చెబుతున్నాను. మామయ్యగారూ, అత్తయ్యగారికి మీ మీద కోపం లేదండీ. సందులో వెన్న ఉంది. కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంది.