ఐదుగురికీ ఒకటే కిటికీ

సంపూర్ణ అట్టను రెండు చేతులా పట్టుకుని మెల్లగా వంచింది. ఒక వైపు సులువుగా వంగింది. తిప్పి పట్టుకుంటే ఎదురు తిరిగింది. సులువుగా వంగినప్పుడు మడత ఎటు పడిందో అటు పెన్సిల్‌తో గీత గీసింది. ఆల్బమ్ వెన్ను ఆ గీత వెంబడే రావాలి. అది చూసుకోకుండా కోస్తే జిగురు ఆరగానే అట్ట అప్పడంలా లేస్తుంది.

కాగితం మిల్లున్న ఊరు కాబట్టి సారపాకలో అట్టకు కొదవ లేదు. కోయగా మిగిలిన ముక్కలు అమ్మే కొట్టు వాళ్లింటికి రెండు సందుల అవతలే ఉంది. పని మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో చర్చి పాటల పుస్తకం ఒకటి ఊడిపోతే ఇంటికి తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, వాళ్లు ఎలా కుట్టారో చూసి మళ్లీ కుట్టింది. సగం పేజీలు తలకిందులుగా వచ్చాయి. ఆమె భర్త అంతోనయ్య ఆ ఆదివారం పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ పాడి చర్చి మొత్తాన్నీ నవ్వించాడు. రెండోసారి సరిగా కుట్టింది. ఆ తర్వాత పాత రిజిస్టర్లకు అట్టలు వేసింది. ఇప్పుడు అరచేతిలో పట్టే ఆల్బమ్‌లు చేస్తోంది. ఫేర్‌వెల్‌లకూ పుట్టినరోజులకూ కాలేజీ పిల్లలు చేయించుకుంటారు.

ఈ ఆల్బమ్ శ్రావణిది. పాల్వంచ దారిలోని తండా పిల్ల. నర్సింగ్ సీటు వచ్చి సోమవారం పొద్దున హైదరాబాద్ హాస్టల్‌కు పోతోంది. బ్యాగులో పట్టేటట్టు చిన్న ఆల్బమ్ కావాలంది. ఫొటోలతో పాటు అద్దాలు కుట్టిన ఎర్రటి రైక ముక్క ఒకటి తెచ్చింది. అది వాళ్లమ్మ రైకలోది, పైన అట్టకు అంటించాలి.

“నడుమ పేజీల గుండ్రంగ కిటికీ లెక్క కొయ్యాలె ఆంటీ. దాంట్ల మా అమ్మ మొహం రావాలె.”

“ఏదీ మీ అమ్మ?”

శ్రావణి పాత ఫొటో ఒకటి ముందు పెట్టింది. తండాలో ఏదో పెళ్లిలో తీసింది. ఐదుగురు కోడళ్లు వరుసగా నిలబడ్డారు. పెద్దల ముందు కదా, అందరికీ ముసుగులు కళ్ల దాకా దిగి ఉన్నాయి. కనిపించేవి ముక్కులూ గడ్డాలే.

“వీళ్లల్ల ఎవరే?”

“అదే తెల్వది. నాకు ఆర్నెల్లున్నప్పుడు జరమొచ్చి పోయింది. ఇదొక్కటే ఫొటో. మా నాయినను అడిగితే ఒకసారి ఈ చివరామె అంటడు, ఇంకోసారి ఈమె అంటడు. గట్టిగ అడిగితే లారీ తీస్కొని పోతడు.”

“మీ దాదీకి తెల్వదా?”

“చుట్టాల ఊర్ల పత్తి ఏరనీకి పోయింది. ఐతారం వస్తది. అప్పటిదాక ఆగితే మీకు టైం సాలదు గదా.”

సంపూర్ణ ఆ ఫొటోకు స్టూడియోలో నాలుగు కాపీలు తీయించింది. పెద్దది చేయిస్తే మొహాలు చుక్కలు చుక్కలుగా చెదిరిపోయాయి. శ్రావణి గడ్డాన్ని గుర్తు చేసుకుని ఐదు గడ్డాలతోనూ పోల్చింది. ఐదూ కలిసినట్టే ఉన్నాయి. మళ్లీ చూస్తే ఒక్కటీ కలవలేదు.

మామూలుగా ఆమె ఏదీ వెంటనే అంటించదు. అన్నీ జిగురు లేకుండా పేర్చి, ఒక పూట వదిలేసి, మళ్లీ చూసుకుంటుంది. ఈసారి మైదా జిగురు కాస్తూ పక్కనున్న రైక ముక్క చూసింది. చదరపు అద్దం, చుట్టూ తెల్ల గవ్వలు. ఫొటో దగ్గరికి పెట్టుకుంది. నడుమ నిలబడ్డామె భుజం మీద అదే అద్దం, అవే గవ్వలు! ఆ సంతోషంలో ముందు పేర్చి చూసుకోవడం మర్చిపోయింది. ఆ మొహాన్ని భుజం మీది అద్దంతో సహా గుండ్రంగా కోసి, కిటికీ వెనక అంటించేసింది.

ఆదివారం మధ్యాహ్నం శ్రావణితో పాటు వాళ్ల నాయనమ్మ ద్వాలి వచ్చింది. పైన రైక ముక్కను వేలితో తడిమి తలూపింది. నడుమ పేజీ తెరిచి ఒక్కసారిగా నవ్వింది.

“అయ్యో, ఇది లాలి గదనే! మన పక్కింటి లాలి!”

శ్రావణి ఆల్బమ్ లాక్కుని చూసింది. “అంటే లాలి చిన్నమ్మను అమ్మనుకొని హైదరాబాద్ దాక మోసుకపోతుంటినా?”

“దానికి తెలిస్తే టికెట్ కొట్టించమంటది.”

“నవ్వకు దాదీ!”

సంపూర్ణకు ఏమీ అర్థం కాలేదు. “రైక వాళ్లమ్మది కాదా మరి?”

“దానిదే. కుట్టింది సుత అదే. కొత్త కోడలికి తండాల ఉన్నదాంట్ల మంచి రైక తొడుగుతం బిడ్డా. ఆనాడు కొత్త కోడలు లాలి. మా కోడలు మారోని తన రైక ఇప్పి దానికి తొడిగి, తను పాత జాకెట్ తొడుక్కొని నిలబడ్డది.”

“గట్లనా. మరి వీళ్లల్ల మారోని ఎవరు?”

ద్వాలి ఫొటోను దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది. లాలికి ఎడమ పక్కనున్న ఆమెను చూపింది. కాసేపాగి కుడి పక్కకు వేలు జరిపింది. “ఈమెనే అనుకుంట. ఆగు, ఈమెకు ముక్కు ఎక్కువున్నది…”

శ్రావణి లాలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“నా పక్కకే నిలబడ్డది బిడ్డా!” అంది లాలి. “కొత్త కోడలిని గదా, కాళ్లు వణుకుతుంటే మారోనక్క నా చెయ్యి ఇడ్వలే.”

“ఏ పక్క చిన్నమ్మా? కుడా, ఎడమా?”

“ఏ పక్కనంటే… ఒక చేతిల పళ్లెం ఉండె… కాదు, పళ్లెం అవుతల పెట్టినంక ఫొటో తీసిండు. పక్కన అంటే పక్కనేనే. ముసుగులకెల్లి నాకేం కనబడ్డది?”

ఫొటోలో లాలి రెండు చేతులూ పక్కవాళ్ల కుచ్చిళ్ల వెనకే ఉన్నాయి.

ఫోన్ పెట్టేసి శ్రావణి రైక ముక్క మీది అద్దాన్ని గోటితో గీకుతూ కూర్చుంది.

“పేజీ నేనే చెడగొట్టిన,” అంది సంపూర్ణ. “ఈడనే కూసోండి.”

అంటించిన పేజీని కత్తితో లేపి తీసేసింది. కొత్త పేజీకి కిటికీ కోసింది గానీ దాని వెనక ఎవరిని పెట్టాలో తోచలేదు. రెండు కిటికీలు పెడదామనుకుంది. శ్రావణి నాన్న ఒకోసారి చివరామెను కూడా చూపిస్తాడు కదా, ఆమె ఏమవుతుంది? కోయని కాపీని కిటికీ వెనక పెట్టి, ఏం చేయాలో తెలియక వేలితో అటూ ఇటూ జరిపింది. ఒక మొహం పోయి ఇంకో మొహం వచ్చింది.

ఆమె వేలు ఆగింది. మళ్లీ జరిపింది.

ఐదు మొహాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ వరుసను ఒకే పట్టీగా కోసి, సన్నటి అట్టకు అంటించింది. పేజీ వెనక పైనా కిందా రెండు అట్ట బద్దలు పెట్టి, వాటి నడుమ పట్టీ జరిగేటట్టు సందు వదిలి, మీద ఇంకో కాగితం కప్పింది. పట్టీ రెండు కొసలకూ ఎర్ర రిబ్బన్ కట్టింది. లాగితే రాలేదు. ఎక్కడో జిగురు కారింది. విప్పి, గీకి, పట్టీ అంచులకు కొవ్వొత్తి రుద్ది మళ్లీ పెట్టింది. ఈసారి మెత్తగా జరిగింది.

“లాలిని తీసెయ్యాల్నా?” అని అడిగింది, కత్తెర పట్టుకుని.

శ్రావణి ఆ కత్తెరను పక్కకు జరిపింది. “ఉండనియ్యిండ్రి ఆంటీ. అమ్మ పట్టుకున్నది ఆమె చెయ్యే గదా.”

పేజీని వెన్నుకు అతికించి, చెంచా కాడతో మడత నొక్కి, సంపూర్ణ ఆల్బమ్‌ను ఆ పిల్ల చేతిలో పెట్టింది. శ్రావణి రిబ్బన్ లాగింది. కిటికీలోకి లాలి వచ్చింది, పోయింది. పక్కనున్న ఆమె దగ్గర ఆపి చూసింది. రెండో కొస పట్టుకుని వెనక్కి లాగి, అటు పక్కామె దగ్గర కూడా అంతే సేపు ఆపింది.

“ఎవరి దగ్గర ఆపినవే?” అని ద్వాలి మెడ చాచింది.

“చెప్ప.”

“నాకు సుత చెప్పవా?”

“నీకు తెలిస్తే నువ్వు చెప్పు ముందు!”

ద్వాలి చాచిన మెడను వెనక్కి తీసుకుంది.

సంపూర్ణ ఆల్బమ్‌ను పాత పేపర్‌లో చుట్టి దారం కట్టింది. “జిగురు పచ్చిగున్నది. తెల్లారేదాక బరువు కింద పెట్టు. బస్సుల తెరవకు.”

“ఇంట్ల బరువేమున్నది ఆంటీ?”

“నేనున్న గదా, నా దిండు కిందికియ్యి,” అంటూ ద్వాలి లేచింది.

శ్రావణి పొట్లాన్ని నాయనమ్మకు ఇవ్వలేదు. రెండు చేతులతో అదిమి పట్టుకుని ఆమె ముందు నడిచింది.