సెన్సర్ మీద మచ్చలు

ఉద్యోగం పోయిన ఏడాది నేను బెంగళూరు హూడిలో ఒక మేడ మీద అద్దెకుండేదాన్ని. ఆఫీసు రోజుల్లో సరదాగా కొనుక్కున్న కెమెరాతోనే ఇక బతకగలనేమో చూద్దామనుకున్నాను. మొదటి పని ఆ ఇంట్లోనే దొరికింది. కింద ఉండే ఓనరు ఆంటీ తన కూతురి సీమంతానికి నన్నే ఫొటోలు తీయమంది. డాబా మీద, సాయంత్రపు ఎండలో, వెనక ఆకాశం కనిపించేలా తీయాలని కూతురి కోరిక.

ముందురోజు పొద్దున డాబా ఎక్కి ఊరికే ఆకాశాన్ని తీసి చూసుకున్నాను. నీలం మీద నల్లటి మచ్చలు! లెన్స్ తుడిచాను, పోలేదు. లెన్స్ మార్చాను, మచ్చలు అక్కడే ఉన్నాయి. అంటే దుమ్ము లోపల, బొమ్మ పడే సెన్సర్ మీదే ఉంది. మా వీధి తవ్వి వదిలేసి నెలలైంది. ఆ గాలిలోనే లెన్సులు మార్చేదాన్ని. ఆదివారం కావడంతో రిపేరు షాపులు మూసి ఉన్నాయి. నేనే తుడుద్దామంటే, సెన్సర్ మీద గీత పడితే కెమెరా పోయినట్టే. మెట్ల మీద కూలబడ్డాను.

బట్టలు ఆరేయడానికి వచ్చిన ఆంటీ నన్ను చూసింది. వాళ్ళది తాతల కాలం నుంచీ ఈ ఊరే.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టుకోని ఉండావు?"

లెన్స్ తీసి చూపించి సంగతి చెప్పాను. ఆమె వంగి చూసి, ఊదడానికి పెదవులు గుండ్రంగా చుట్టింది.

"ఊదకండి ఆంటీ! తుంపర పడితే ఇంకా పాడవుతుంది."

"సరే, నువ్వే చెయ్యి. సుమ్నే, ఊరికే భయపడ్తావు. నేను టార్చి పట్టుకుంటా."

బాత్రూంలో దుమ్ము తక్కువని అక్కడికే వెళ్ళి తలుపేసుకున్నాం. బ్యాటరీ నిండుగా ఉందని చూసుకుని, శుభ్రం చేసే సెట్టింగ్ పెట్టాను. లోపలి అద్దం పైకి లేచి సెన్సర్ బయటపడింది. కెమెరాను బోర్లించి రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాను. కొన్ని మచ్చలు పోయాయి, మొండివి మిగిలాయి. ఇక సెన్సరంత వెడల్పుగా మెత్తటి గుడ్డ చుట్టిన పుల్ల తీశాను. ఎప్పుడో కొని, ధైర్యం చాలక వాడకుండా ఉంచినది. దాని కొసకు సెన్సర్ తుడిచే ద్రవం ఒక చుక్క వేశాను. సెన్సర్ దాకా తెచ్చి ఆగాను.

"నిదానంగా చెయ్యమ్మా. ఫొటో ఎట్లొచ్చినా మాకు సంతోషమే," అంది ఆంటీ, టార్చి కదలనివ్వకుండా.

ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి మెల్లగా లాగాను. పుల్ల తిప్పి, రెండో వైపుతో వెనక్కి లాగాను. డాబా మీదికి పరిగెత్తి మళ్ళీ ఆకాశాన్ని తీశాను. ఓ మూల చిన్న చుక్క తప్ప అంతా నీలమే.

"ఇప్పుడు బాగుండాదప్పా!" అంది ఆంటీ, నాకంటే గట్టిగా నవ్వుతూ.

మర్నాడు కూతురు చేతుల నిండా ఆకుపచ్చ గాజులతో, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎండకెదురుగా నిలబడింది. తీసిన ఫొటోను పెద్దది చేసి చూసుకుని నా వైపు తిరిగింది.

"అక్కా, బిడ్డ నామకరణానికీ నువ్వే తియ్యాల. అప్పటికి ఈ ఊర్లోనే ఉంటావు కదా?"

ఊరు వదిలేయాలా అని అప్పటిదాకా లోలోపల నలుగుతూనే ఉన్నాను.

"ఉంటాను," అన్నాను.

ఆంటీ అప్పటికే నా చేతిలో నానిన పెసరపప్పు కోసంబరి ఉన్న దొప్ప పెట్టి, ముందు తినమని కసురుతోంది.